రాతితొండ

“తొండ ముదిరి ఊసరవెల్లి యైనది” అను సామెత తెలుగువా రందఱు నెఱిగినదే. చిన్న దుర్మార్గుడు క్రమముగా పెద్ద దుర్మార్గు డయ్యెనని చెప్పుటకు పెద్దలు దానిని వాడుదురు. లోకవ్యవహారమున సామెత చక్కగా సరిపోవును గాని, జంతుశాస్త్రమున సరిపోదు. తొండ యెంత ముదిరినను తొండయే. ఊసరవెల్లి గ్రుడ్డునుండి వెలువడిన దినముననే ఊసరవెల్లి. రెండును బల్లుల వర్గమునకు చెందినవే యైనను వాని కుటుంబములు వేఱు. ఊసరవెల్లి చెట్టుకొమ్మలపై మెల్లమెల్లగా అడుగులు వేయుచు, మిక్కిలి పొడవైన నాలుకను విసరి పురుగులను పట్టును. దాని కన్నులు రెండును ఒకే సమయమున రెండు దిక్కులకు తిరుగగలవు. దాని తోక కొమ్మను చుట్టి పట్టుకొనును. తొండకు ఈ విద్యలలో ఒక్కటియు రాదు.

అయినను సామెత పుట్టుటకు ఏదియో యొక యాధార ముండక మానదు. తోటలలో తిరుగు మగతొండ వేసవి వచ్చునప్పటికి తలయు మెడయు ఎఱ్ఱబాఱి కనిపించును. అంతకంటె ఎక్కువ వింతగా రంగులు మార్చు తొండ మఱియొకటి దక్షిణ భారతదేశమున బండఱాళ్లపై నివసించుచున్నది. ఒక్క నిమిషములో పసుపుపచ్చని వీపు ఎఱ్ఱనగుట చూచిన పల్లెటూరివాడు, “ఇది ముదిరి ఊసరవెల్లి యైనది” అని తలచినచో వానిని తప్పుపట్ట నవసరము లేదు. ఆ జంతువునే రాతితొండ యందురు.

రాయలసీమలో మదనపల్లె, పెనుకొండ, రాయదుర్గము ప్రాంతముల ప్రయాణము చేయువారికి దారి కిరువైపుల బోడిగుండ్లు కనిపించును. ఒకచోట ఏనుగు పండుకొన్నట్లున్న బండ. మఱియొకచోట ఎవరో పనిగట్టుకొని గుండుపై గుండు నిలిపి పోయినట్లున్న కుప్ప. ఇట్టి కొండలు కర్ణాటకమునను తమిళనాడునను కూడ విస్తారముగా నున్నవి. ఈ ఱాళ్లలో పెక్కు రెండువందల యేబది కోట్ల యేండ్ల నాటివి, కొన్ని అంతకు పూర్వపువి. వేసవిలో మధ్యాహ్నమున వానిపై చేయి మోపలేము. మట్టి పలుచన, నీరు లేదు, నీడయు స్వల్పము. ఇట్టి తావున ఏ ప్రాణి బ్రదుకగలదని తోచును. రాతితొండకు కావలసినది ఇదియే. తోటతొండకు కొమ్మలు, కంచెలు ఎట్లో, దీనికి బండలు, వాని పగుళ్లు అట్లు.

ఈ జంతువునకు శాస్త్రీయమైన పేరు సామ్మోఫిలస్ డార్సాలిస్. 1831లో గ్రే అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి ‘డార్సాలిస్’ అను పేరు పెట్టెను. ఆ పదము వీపునకు సంబంధించినది. మగదాని వీపుమీది రంగుపట్టె ఎట్టివారి కన్నునైనను ఆకర్షించును గావున ఈ పేరు తగియున్నది. మొదటి పదమును 1843లో ఫిట్జింగర్ అను ఆస్ట్రియా దేశీయుడు ఏర్పఱచెను. దాని కర్థ మేమన, ‘ఇసుకను ప్రేమించునది’ అని. ఇసుకతో దీనికి సంబంధము లేదు. ఒకసారి పెట్టిన శాస్త్రీయ నామమును అర్థము కుదరలేదను కారణముచే మార్చుటకు వీలులేదు గనుక, రాతిని విడువని ప్రాణి ఇసుక పేరుతోనే గ్రంథములలో నిలిచియున్నది.

తూర్పుకనుమల వెంబడి ఉత్తరమునకు పోయినకొలది దీని సోదరజాతి కనిపించును. దానికి బ్లాన్‌ఫర్డ్ అను భూగర్భశాస్త్రజ్ఞుని పేరు 1871లో పెట్టిరి. రాతితొండకు ఱాళ్లను పరిశోధించిన వాని పేరు దొరకుట ఒకవిధముగా న్యాయమే. రెండు జాతులను పైచూపునకు వేఱుచేయుట కష్టము. నడుము చుట్టునుగల పొలుసులను లెక్కించువారు వీనిని గుర్తింతురు. డార్సాలిస్‌కు పొలుసులు మిక్కిలి చిన్నవి. చుట్టును నూటికి పైబడి యుండును. రెండవదానికి పొలుసులు కొంచెము పెద్దవి, లెక్కకు తక్కువ.

రాతితొండ దేహమును చూచినంతనే అది నివసించు చోటు తెలియును. తల మొదలు నడుమువఱకు ఎవరో అఱచేతితో అదిమినట్లు చదునుగా నుండును. తోటతొండ దేహ మిట్టిది కాదు. అది ప్రక్కలనుండి నొక్కినట్లు నిలువుగా నుండును, ఆకుల నడుమ అట్టి ఆకారమే అనుకూలము. రెండు బండల నడుమ వ్రేలు పట్టునంత సందున్న చాలును, రాతితొండ లోనికి జొచ్చి పోవును. కాళ్లు పొడవైనవి. వ్రేళ్ల చివర వాడియైన గోళ్లు నిట్టనిలువు రాతి గరుకును పట్టుకొనును. తోటతొండ మెడపై ఱంపపు పండ్లవలె కనబడు ముండ్ల వరుస దీనికి లేదు. ఉన్నచో పగుళ్లలో దూరునప్పుడు అడ్డము వచ్చియుండును. మగది పెద్దది. దాని ముక్కుకొననుండి తోక మొదలువఱకు కొలిచిన పదుమూడు సెంటీమీటర్ల వఱకు నుండును. తోక అంతకంటె పొడవు. ఆడది చిన్నది. దాని దేహముపై గోధుమ, బూడిద రంగులు కలిసి, నల్లని మచ్చలు చల్లినట్లుండును. పిల్లలకును ఇదే వేషము. నాచు ఎండి మచ్చలు పడిన బండపై ఆడతొండ కదలక కూర్చున్నయెడల, నాలుగడుగుల దూరముననున్న మనుష్యుడు కూడ దానిని గుర్తింపలేడు.

సూర్యోదయమైన వెంటనే ఇది బయటికి రాదు. బండ కొంచెము వెచ్చబడిన పిదప పగులులోనుండి ముందుగా తల కనిపించును. తరువాత దేహమంతయు వెలికి వచ్చి, ఎండకు వీపు చూపి, రాతికి పొట్ట ఆనించి, పైనుండియు క్రిందినుండియు వేడిని పుచ్చుకొనును. ఇట్టి జంతువులను శీతరక్త జంతువు లనుట వాడుక. ఆ మాట అంత సరియైనది కాదు. పట్టపగలు బండపై పరుగిడు తొండ రక్తము ఇంచుమించు మన రక్తమువలెనే వెచ్చగా నుండును. భేద మొక్కటే: మనము తిన్న యన్నమునుండి వేడిని పుట్టించుకొందుము, అది ఎండనుండి ఎరువు తెచ్చుకొనును. కావుననే దానికి మనకంటె చాల తక్కువ ఆహారము సరిపోవును. వేడి మితిమీరినప్పుడు కాళ్లు నిలువుగా చాచి పొట్టను రాతికి అంటనీయక పైకెత్తును. అప్పటికిని తాళలేకున్న నీడలోనికో పగులులోనికో పోవును. ఆహారము ముఖ్యముగా చీమలు. మిడుతలు, చిన్న పురుగులు, చెదలు కూడ తినును. వేటకై తిరుగుట తక్కువ. ఎత్తైన గుండుపై కూర్చుండి చూచుచుండి, పురుగు కదలినంతనే ఒక్క పరుగున పోయి పట్టి మరల తన తావునకు వచ్చును.

వేసవి సమీపించినపుడు మగతొండ వేషము మాఱును. గోధుమరంగు వీపుపై తలనుండి తోకవఱకు వెడల్పైన పట్టె యొకటి ప్రకాశించును. దాని కిరుప్రక్కల వేఱురంగు పట్టెలు తేరును. ఈ రంగులు ఋతువంతయు ఒక్క తీరున నుండవు. సందర్భమునుబట్టి క్షణములలో మాఱును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు ఈ మార్పులను శ్రద్ధగా పరిశీలించి 2017లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆడతొండ ఎదుట నిలిచినప్పుడు మగదాని వీపు ఎఱ్ఱనై, ప్రక్కలు నల్లబడును. మఱియొక మగతొండ ఎదురైనప్పుడు అదే వీపు పసుపుపచ్చనై, ప్రక్కలు నారింజ రంగు దాల్చును. ఎఱుపు, నలుపు ప్రక్కప్రక్కన నున్నప్పుడు ఒకదానిచే మఱియొకటి కొట్టవచ్చినట్లు కనబడును గదా! ఆడతొండను మెప్పించుటకు ఆ విధమైన శోభ కావలెను. పగవాడు ఎదుటికి వచ్చినప్పుడు శోభకంటె వేగము ముఖ్యము. అప్పటి రంగులు మిక్కిలి త్వరగా మాఱుట పరిశోధకులు గమనించిరి.

రంగులు మార్చువాడని మనుష్యుని నిందించినప్పుడు, వాడు తన మనస్సును దాచుచున్నాడని మన యభిప్రాయము. రాతితొండ విషయమున జరుగునది దీనికి సరిగా విరుద్ధము. రాతిలో కలిసిపోవలె నన్నచో దానికి పాత గోధుమరంగే చాలును. రంగు మార్చినది దాగుటకు కాదు, నలుగురికిని కనబడుటకే. తన కోపమును, తన కోరికను వీపుపై వ్రాసికొని ఎత్తైన గుండుపై అది నిలుచును. ఆ వ్రాతను ఆడతొండయు చదువును, పగతొండయు చదువును. ఆకాశమున తిరుగు డేగయు చదువును. ఈ మూడవ పాఠకునివలని యపాయ మెంతయో చెప్పనక్కఱలేదు. ఆడతొండ మచ్చల చీర కట్టుకొని రాతిలో కలిసి బ్రదుకుచుండగా, మగది ఋతువంతయు ఎఱ్ఱజెండావలె నిలిచియుండును.

రంగుతోపాటు అభినయము కూడ కలదు. మగతొండ ముందుకాళ్లు నిటారుగ చాచి, మరల వంచి, దేహమును పైకి క్రిందికి ఆడించును, తల నూపును. బస్కీలు తీయు పహిల్వానుని అది తలపించును. బడికి పోవు పిల్లలు కొందఱు అది తమను వెక్కిరించుచున్నదని భావించి ఱాళ్లు విసరుదురు. పాపము, దానికి ఆ పిల్లల ధ్యాసయే లేదు. అవతలి గుండుపైనున్న మగతొండతో, “ఈ బండ నాది” అని చెప్పుచున్నది. పెద్ద దేహముగల మగతొండ కొన్ని బండలను తన యధీనమున నుంచుకొని, ఇతరులను తఱుమును. ఆ బండల పరిసరములలో తిరుగు ఆడతొండలతో దానికి జతకూడు అవకాశము లభించును. చిన్న మగతొండలకు స్వంత బండ యుండదు. అవి రంగులు ప్రదర్శింపక, అటు నిటు తిరుగుచు అదను చూచుచుండును.

చిత్తూరు సీమలో మదనపల్లెకు సమీపమున రిషివ్యాలీ యను లోయ కలదు. అచటి విద్యాలయము చుట్టును బోడిగుండ్ల కొండలు. విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ బండలపై తొండలను పట్టి, గుర్తులు వేసి విడిచి, ప్రతిదానిని వేఱువేఱుగ గుర్తించుచు ఋతువు తరువాత ఋతువు పరిశీలించిరి. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమువారు కూడ తమ ప్రాంతమున ఇట్టి పరిశీలనలు చేసిరి. ఈ పరిశీలనలవలన ఒక విషయము తేలినది. గుర్తు వేసిన పెద్ద తొండలలో పెక్కు మఱుసటి వేసవికి కనిపింపలేదు. ఈ యేడు రంగు లెత్తి బండ నేలినది వచ్చు నేడు ఉండుట అరుదు. రాతితొండలలో అధిక భాగమునకు పెద్దఱికము ఒక్క ఋతువు మాత్రమే.

ఆ ఒక్క ఋతువులోనే సర్వమును జరుగవలెను. జతకూడిన పిదప ఆడతొండ బండల నడుమ మట్టి మెత్తగా నున్న తావును వెదకును. ముందుకాళ్లతో గుంట త్రవ్వి, గ్రుడ్లు పెట్టి, మట్టి కప్పి, నేలను చదును చేసి వెడలిపోవును. కోడివలె పొదుగుట లేదు. మరల వచ్చి చూచుటయు లేదు. భూమి వేడియే వానిని పొదుగును. కొన్ని వారములకు వ్రేలెడంత పిల్లలు మట్టిని త్రోసికొని పైకి వచ్చును. వానలకు చీమలు, పురుగులు సమృద్ధిగా నుండు కాలమది. పిల్లలకు బండను చూపించు తల్లి లేదు, పగులు నెఱిగించు తండ్రి లేడు. అయినను పుట్టిన దినమునుండియు అవి డేగ నీడ కనబడిన దాగుకొనుట యెఱుగును. శీతకాలమంతయు పెరిగి, వేసవినాటికి పెద్దవై, తల్లిదండ్రులు విడిచిన బండలను ఆక్రమించుకొనును. ఆ విధముగా కోట్ల యేండ్ల బండపై ఏటేట క్రొత్త సంసారము.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి పట్టికలో రాతితొండ అపాయమున నున్న జంతువుగా చేర్పబడలేదు. దేశమంతయు కలిపి చూచినప్పుడు ఆ నిర్ణయము సరియైనదే. కాని పట్టికలు జాతి నంతటిని చూచునే గాని ఒక్కొక్క కొండను చూడవు. నేడు గ్రానైటు పలకలకును, ఇండ్లకు రోడ్లకు కావలసిన కంకరకును కొండలను పగులగొట్టుచున్నారు. పూర్వము రాళ్లు కొట్టువారు సమ్మెటలతో ఉలులతో ఒక తరమున తీసిన రాతిని యంత్రములు, ప్రేలుడుమందు కొద్దిదినములలో తీయుచున్నవి. ఆ రాతి పనిపై బ్రదుకు కుటుంబము లనేకము గలవు. ఇల్లు కట్టుకొనువానికి రాయి కావలెను. అది కాదనుటకు వీలులేదు. అయితే నరికిన చెట్టు మోడు మరల చిగిర్చును. పగిలిన గుండు చిగుర్పదు. పలకలు కోసిన క్వారీ గోడ నున్నగా నుండును. అందు తొండ దూరుటకు పగులు లేదు, గ్రుడ్లు దాచుటకు మట్టి లేదు.

ఒక ఏడు మాత్రమే పెద్దఱికముగల జంతువునకు ఇందొక ప్రత్యేకమైన కష్టము కలదు. పెక్కేండ్లు బ్రదుకు జంతువులు ఒక యేడు పిల్లలను కనకున్నను మఱుసటి యేట కనగలవు. రాతితొండ కట్టి సావకాశము లేదు. గ్రుడ్లు మట్టిలోనున్న నెలలలో ఒక కొండపై బుల్డోజరు నడచినచో, ఆ యేటి పిల్లలు పోవును. వచ్చు వేసవికి పాతవి మిగులుట అరుదు గావున ఆ కొండ ఇంచుమించు ఖాళీ యగును. తరువాత ఏ ప్రక్క కొండనుండియో కొన్ని తొండలు చేరినగాని అచట మరల తల యూపువా రుండరు. ప్రక్క కొండయు క్వారీయే యైనచో చేరుట కేవియు నుండవు.

పట్టణములలో నిలిచియున్న రాతితొండలు కూడ గలవు. బెంగుళూరు విస్తరించి, బండల నేలలను ఆక్రమించినపుడు కొన్ని తొండలు అచటనే ఉండిపోయినవి. ప్రహరీ గోడలపైనను, కట్టడములకై పోసిన రాళ్ల కుప్పలపైనను వానిని చూడవచ్చును. పట్టణపు అంచుల నున్న తొండలు ఏ దాగుచోటు సురక్షితమైనదో పల్లెప్రాంతపు తొండలకంటె త్వరగా నేర్చుకొనుచున్నవని 2019లో పరిశోధకులు ప్రకటించిరి. పిల్లులు, కుక్కలు, మోటారుబండ్లు, మనుష్యులు తిరుగు చోట ఆలస్యముగా నేర్చుకొన్నది మిగులదు గదా. రాత్రివేళ అవి ఎచట నిద్రించునో తెలిసికొనుటకు దీపములు పట్టుకొని వెదకినవారికి, గరుకైన కాంక్రీటు దిమ్మెల నడుమ, పైన కప్పుగల సందులలో అవి కనిపించినవి. అడవిలో బండల నడుమ ఎట్టి తావున పండుకొనునో, పట్టణమునను అట్టిదానినే ఎంచుకొనుచున్నవి.

అయితే నిద్రకు కాంక్రీటు సరిపడినను గ్రుడ్లకు సరిపడదు. గోడ యెంత గరుకైనను దాని మొదట జానెడు మెత్తని మట్టి యుండవలెను. ఇంటి ముంగిలి మొదలు వీథివఱకు సిమెంటు పఱచిన చోటులలో, నిండు గ్రుడ్లతోనున్న ఆడతొండ గోడ దిగి, మట్టిని వెదకుకొనుచు వీథికి అడ్డముగా పోవలసివచ్చును.